ఆరుగురు పిల్లలు, వారానికి రెండు గంటలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. కామారెడ్డి దగ్గరి ఊళ్లో జడ్పీ హైస్కూల్లో చదివి ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. అదే బడిలో తొమ్మిది, పది చదువుతున్న ఆరుగురు పేదింటి పిల్లల్ని యూనివర్సిటీ దాకా, ఆ తర్వాత ఉద్యోగం దాకా వెంట ఉండి నడిపించాలని ఉంది. వారానికి రెండు గంటల టైమ్, నెలకు ఐదు వేల రూపాయలు పెట్టగలను, నెలకొకసారి మోటివేషన్ క్లాస్ పెడదామనుకుంటున్నాను, ఇంకేం చేయాలి అని అడిగారు.

నేను నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల వైపు ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఇరవై ఎనిమిదేళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. కాలేజీ టైమ్ అయ్యాక ఇలా పిల్లల వెంట తిరగడం సర్వీసులో ఉండగానే అలవాటైంది, ఇప్పటికీ మానలేదు. నా చేతుల మీదుగా వెళ్లిన వాళ్లు అరవై మందికి పైనే ఉంటారు. అందరూ గట్టెక్కలేదు. గట్టెక్కని వాళ్ల దగ్గరే నేను ఎక్కువ నేర్చుకున్నాను. అందుకే జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఆ మోటివేషన్ క్లాస్ ఆలోచన పక్కన పెట్టండి తమ్ముడూ. మన పిల్లలకు కసి తక్కువేం లేదు. అమ్మ పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడితేనే ఇల్లు గడుస్తుందని, నాన్న గల్ఫ్‌లో అప్పు తీర్చడానికే ఏళ్లు గడిపేస్తున్నాడని వాళ్లకు స్టేజీ ఎక్కి ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్లింట్లో లేనిదల్లా దారి తెలిసిన మనిషి. రేపు మీ సొంత బిడ్డ జేఈఈ రాయాల్సి వస్తే అప్లికేషన్ ఎప్పుడొస్తుంది, ఏ సర్టిఫికెట్ కావాలి, ఏ కాలేజీలో ల్యాబులు కూడా ఉండవు అన్న సంగతులన్నీ అన్నం తింటూ మాటల్లో చెప్పేస్తారు. బీడీలు చుట్టే తల్లి బిడ్డకు ఆ మాటలు చెప్పేవాళ్లు ఎవరు? ఆ ఒక్క ఖాళీలో మీరు కూర్చుంటే చాలు. మిగతా కష్టం ఆ పిల్లలే పడతారు.

2024లో ధన్‌బాద్ ఐఐటీలో సీటొచ్చిన అబ్బాయి సంగతి పేపర్లో చదివే ఉంటారు. ఉత్తరప్రదేశ్‌లో ఒక దళిత దినకూలీ కొడుకు. సీటు ఖాయం చేసుకోవడానికి జూన్ 24 సాయంత్రం ఐదు గంటల్లోపు 17,500 రూపాయలు కట్టాలి. ఆ డబ్బు కూడబెట్టేసరికి గడువు ముంచుకొచ్చింది, పేమెంట్ పూర్తి కాకముందే పోర్టల్ మూసుకుపోయింది. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి చివరికి సుప్రీంకోర్టుకు వెళ్తే, సెప్టెంబర్ 30న కోర్టు రాజ్యాంగం 142వ అధికరణం కింద తనకున్న ప్రత్యేక అధికారం వాడి సీటు ఇప్పించింది. ర్యాంకు ఆ అబ్బాయి తెచ్చుకున్నదే. ఐదు రోజుల ముందు ఆ 17,500 చేతిలో పెట్టి, పక్కన కూర్చుని కట్టించే మనిషి ఒకరుంటే సరిపోయేది. సుప్రీంకోర్టు దాకా వెళ్లలేక ఊళ్లోనే ఉండిపోయిన పిల్లల్ని నేను చూశాను. వాళ్ల సంగతి పేపర్లో రాదు.

కాబట్టి మొదలు కాగితాలతో పెట్టండి. ఒక్కొక్కరికి ఒక ప్లాస్టిక్ ఫైల్ కొనండి. ఆధార్, జనన ధ్రువపత్రం, బోనఫైడ్‌లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, తల్లి బీడీ కార్మికురాలైతే ఆమె గుర్తింపు కార్డు, అన్నీ అందులోకి రావాలి. అన్నీ ముందేసుకున్నాక మొదట చూడాల్సింది పేరు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, బడి రిజిస్టర్లో పూర్తిగా ఉంటుంది, కులం సర్టిఫికెట్‌లో స్పెల్లింగ్ ఇంకోలా ఉంటుంది. పదో తరగతి మెమోలో ఏ పేరు, ఏ పుట్టిన తేదీ పడితే బతుకంతా అవే. బడి నుంచి పిల్లల వివరాలు పరీక్షల బోర్డుకు వెళ్లే ముందే హెడ్మాస్టర్ దగ్గర కూర్చుని సరిచేయిస్తే అరగంట పని. మెమో చేతికొచ్చాక సరిచేయించాలంటే కాళ్లరిగేలా తిరగాలి.

ఈ విషయంలో నా తప్పు ఒకటి చెబుతాను. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంది. క్యాస్ట్ సర్టిఫికెట్ ఉందా అమ్మా అంటే ఉంది సార్ అంది. నేనూ అంతటితో ఊరుకున్నాను. తీరా కౌన్సెలింగ్‌లో అప్‌లోడ్ చేయాల్సిన వారం చూస్తే, అది మన రాష్ట్రం ఇచ్చే మామూలు బీసీ సర్టిఫికెట్. ఎన్‌ఐటీలకు, ఐఐటీలకు కావాల్సింది కేంద్రం నమూనాలో ఉండే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్, అంటే వెనుకబడిన కులాల్లో సంపన్న వర్గం కాదని చెప్పే కాగితం, అది కూడా ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత జారీ అయినది. అది లేకపోతే రిజర్వేషన్ వర్తించదు. శుక్రవారం మధ్యాహ్నం మీసేవలో అప్లికేషన్ పెట్టాం. శనివారం, ఆదివారం ఆఫీసు లేదు. సోమవారం పొద్దున ఎనిమిదింటికే వాళ్లమ్మ తహసీల్ ఆఫీసు మెట్ల మీద వచ్చి కూర్చుంది. కొంగులో జొన్నరొట్టె ఉంది, ముట్టలేదు. బిడ్డ సీటు పోతే తనదే తప్పన్నట్టు తల వంచుకుని, వేళ్లతో కొంగు అంచును చుడుతూనే ఉంది, చేతిలో బీడీ ఆకు ఉన్నట్టు. గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణ అయ్యి, తహసీల్దార్ సంతకం పడేసరికి సాయంత్రం నాలుగున్నర దాటింది. సీటు దక్కింది. కానీ ఆ తల్లికి ఆ మూడు రోజుల టెన్షన్ పెట్టింది నేను. ఏప్రిల్‌లో ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. అప్పటి నుంచి సర్టిఫికెట్ ఉందా అని అడగడం మానేశాను, తెచ్చి చూపించు అంటాను. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్రం ఓబీసీ జాబితాలో ఉండదు, అది కూడా ముందే చూసి పెట్టుకోండి. ఈడబ్ల్యూఎస్, అంటే మిగతా రిజర్వేషన్లేవీ లేని కులాల్లోని పేదల కోటా వాళ్లకు కూడా ఏటా కొత్త సర్టిఫికెట్ కావాలి.

స్కాలర్‌షిప్పుల్లో మన పల్లెల్లో ఎక్కువగా చేజారేవి రెండు. ఒకటి ఎన్‌ఎంఎంఎస్, అంటే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. ఎనిమిదో తరగతిలో పరీక్ష. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపు ఉండి, ప్రభుత్వ బడిలో, జడ్పీ బడిలో, ఎయిడెడ్ బడిలో చదివే పిల్లలు రాయొచ్చు. పాసైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000. మీ ఆరుగురికి ఇది దాటిపోయింది, కానీ వాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటారు. రెండోది బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చేది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేయాలి. చిన్న తరగతులకు వెయ్యి రూపాయలతో మొదలై ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి కోర్సులకు ఏడాదికి 25,000 దాకా ఉంటుంది. పదిహేనేళ్లుగా బీడీలు చుడుతున్న తల్లి ఉండి, ఇంట్లో గుర్తింపు కార్డు ఉండి, ఇది ఉందని తెలియని ఇళ్లు నేను లెక్కలేనన్ని చూశాను.

మీరు పెడతానన్న నెలకు ఐదు వేల గురించి ఒక మాట. ఆ డబ్బును నెలనెలా పుస్తకాలనీ బ్యాగులనీ పంచి ఖర్చు పెట్టకండి. ఏడాదికి అరవై వేలు అవుతుంది, దాన్ని ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా వాడుకోవడానికి దాచి ఉంచండి. అప్లికేషన్ ఫీజులు, పరీక్ష సెంటర్‌కు బస్సు చార్జీలు, సీటు ఖాయం చేసుకునే డబ్బు, హాస్టల్ డిపాజిట్, మొదటిసారి ఇల్లు వదిలే పిల్లకు దుప్పటి, బకెట్, రెండు జతల బట్టలు, అన్నీ ఆ ఐదు నెలల్లోనే వచ్చి మీద పడతాయి. ఆ టైమ్‌లో ఊళ్లో డబ్బు దొరకాలంటే నూటికి మూడు రూపాయల వడ్డీ. స్కాలర్‌షిప్ వచ్చేది తర్వాతెప్పుడో. నా దగ్గర ఇప్పటికీ ఒక ప్రత్యేక ఖాతా ఉంది, ఉద్యోగంలో స్థిరపడిన పాత విద్యార్థులు అందులో వేస్తుంటారు. ఇచ్చేటప్పుడు అప్పు అనను, దానం అని కూడా అనను, నీకు జీతం వచ్చాక ఇంకొకరికి ఇందులో వెయ్యి అంటాను. వేస్తారు.

మరో మాట, ఆరుగురు వద్దు. మొదటి ఏడాది ముగ్గురు చాలు. వారానికి రెండు గంటలంటే ముగ్గురికే సరిపోతుంది. మిగతా ముగ్గురి కోసం మీ బడి నుంచే వెళ్లి ఇప్పుడు ఇంటరో, బీటెక్ మొదటి ఏడో చదువుతున్న పిల్లల్ని వెతికి పట్టుకోండి. రెండేళ్ల ముందు నడిచిన అక్క చెప్పే మాట మీ మాటకంటే, నా మాటకంటే బాగా తలకెక్కుతుంది. మీరు వాళ్లకు సార్. సార్ దగ్గర పిల్లలు సగం దాస్తారు.

కలవడం బడిలోనో, గ్రంథాలయంలోనో, నలుగురూ తిరిగే చోట పెట్టుకోండి. హెడ్మాస్టర్‌కు, తల్లిదండ్రులకు ముందే చెప్పండి. ఆడపిల్లలుంటే ఒక టీచరమ్మనో, అంగన్‌వాడీ టీచర్‌నో కలుపుకోండి. పిల్లల ఫొటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. మనం సాయం చేస్తున్నామని నలుగురికీ తెలిస్తే ఆ పిల్లలు క్లాసులో తలెత్తుకోలేరు.

ఇక తల్లిదండ్రులు. ఇక్కడ ఎక్కువ టైమ్ పెట్టండి. చాలామంది చదువుకున్నవాళ్లు పిల్లలతో మాట్లాడి, ఇంట్లోవాళ్లకు తెలియదులే అని వదిలేస్తారు. చదివించాలా వద్దా, ఎంత దూరం పంపాలి అని తేల్చేది ఇంట్లోవాళ్లే. జగిత్యాల జిల్లాలో ఒక అమ్మాయికి హైదరాబాద్‌లో సీటొచ్చింది. వాళ్ల నాన్న దుబాయ్‌లో. రాత్రి తొమ్మిదిన్నరకు వీడియో కాల్‌లో మాట్లాడాం. ఆయన వెనకాల ఇనుప మంచాలు ఒకదాని మీద ఒకటి, ఎవరో నిద్రపోతున్నారు, అందుకని గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "సారూ, పిల్ల తెలివిగల్లదే, నాకెరుకనే. గని అంత దూరం ఒక్కతే ఎట్లుంటది? రెండేండ్లు ఆగితె పెండ్లి జేస్తె నా బాధ్యత తీరుతది" అన్నాడు. నేను చదువు గొప్పదనం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారో చెప్పాను, వార్డెన్ మేడమ్ నంబర్ రాసుకోమన్నాను, ఫీజు ఎంత, అందులో ప్రభుత్వం ఎంత కడుతుంది, మన చేతి నుంచి ఎంత పడుతుంది అన్నీ రూపాయల్లో చెప్పాను. అదే కాలేజీలో చదువుతున్న మెట్‌పల్లి వైపు అమ్మాయి ఒకామె ఉంది, ఆమె తండ్రి కూడా గల్ఫ్‌లోనే. ఇద్దరు తండ్రుల్నీ ఫోన్లో కలిపాను. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మూడో రోజు ఆ అమ్మాయి తల్లి వచ్చి, "పంపుతున్నం సారూ, పైలం" అంది. పంపేదాకా చేయి వణుకుతూనే ఉంది ఆమెకు. ఆడపిల్లల విషయంలో తండ్రి భయం నిజమైన భయం, దాన్ని మూర్ఖత్వం అనుకోకండి. భయానికి జవాబు వివరంగా చెబితే సగం మంది ఒప్పుకుంటారు.

ఏ కోర్సు అన్నది మీరు తేల్చొద్దు. మీది సాఫ్ట్‌వేర్ కాబట్టి తెలియకుండానే అందరినీ ఎంపీసీ వైపు నెడతారు. నేనూ అదే చేశాను. ఒక అబ్బాయి తెలుగులో, సోషల్‌లో చురుకు. లెక్కలు కష్టపడితే వస్తాయిరా అని ఎంపీసీలో చేర్పించాను. రెండుసార్లు ఫెయిలయ్యాడు, నా ముఖం చూడలేక ఊరు వదిలి మేస్త్రీ పనికి వెళ్లాడు. ఏడాది తర్వాత వెతికి పట్టుకుని తెచ్చి, క్షమించమని అడిగి, హెచ్‌ఈసీలో (చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్) పరీక్ష రాయించాం. డిగ్రీలో ఎకనామిక్స్ తీసుకున్నాడు, ఎంఏ చేశాడు, ఇప్పుడు కాలేజీలో పాఠం చెబుతున్నాడు. ఆ పోయిన ఏడాదిన్నర మాత్రం నా వల్ల పోయింది.

పిల్లల ముందు దారులన్నీ పరిచి పెట్టండి. పదో తరగతి మార్కులతోనే సీటిచ్చే బాసర ఆర్‌జీయూకేటీ, అందరూ బాసర ట్రిపుల్ ఐటీ అనేది, మన పక్కనే ఉంది. 2008లో పల్లె పిల్లల కోసమే పెట్టారు. ఇంటర్‌తో సమానమైన రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, ఆరేళ్లూ ఒకే చోట. ప్రభుత్వ బడి పిల్లలకు డిప్రివేషన్ స్కోర్ అని కొంత కలుపుతారు కూడా. పేదింటి పిల్లలకు ఇంత మంచి దారి ఇంకొకటి లేదని నా నమ్మకం, కాకపోతే పదిహేనేళ్లకే ఆరేళ్ల ఇంజనీరింగ్‌కు కట్టుబడాలి, ఇష్టం లేని పిల్లల్ని తోయొద్దు. పాలిసెట్ రాసి డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఈలోపు చేతిలో డిప్లొమా ఉంటుంది, ఇంట్లో పరిస్థితి తిరగబడినా ఉద్యోగం దొరుకుతుంది. సైన్స్ అయినా, ఎకనామిక్స్, చరిత్ర లాంటివైనా లోతుగా చదవాలనుకునే పిల్లలకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులున్నాయి. 2022 నుంచి వీటికి సీయూఈటీ అనే సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్ పరీక్షల హడావుడిలో ఉండగానే దాని అప్లికేషన్ వచ్చి వెళ్లిపోతుంది, అందుకే మన జూనియర్ కాలేజీల్లో పదిమందికి కూడా తెలియదు. మీరు గుర్తుపెట్టుకోవాల్సిన తేదీల్లో అది ముందుండాలి. రెగ్యులర్ కాలేజీకి వెళ్లే వీలు లేనివాళ్లకు ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో ఇచ్చే బీఎస్ డేటా సైన్స్ డిగ్రీ ఉంది, ఆదాయం, కేటగిరీని బట్టి ఫీజులో 75 శాతం దాకా తగ్గిస్తారు.

ఐఐటీ అంటే లక్షల ఫీజు, మనకెందుకు సార్ అంటారు పిల్లలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా ఉండదు. మిగతావాళ్లలో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపైతే మొత్తం మాఫీ, లక్ష నుంచి ఐదు లక్షల మధ్య అయితే మూడింట రెండు వంతులు మాఫీ. హాస్టల్, మెస్ ఖర్చు మాత్రం ఉంటుంది. 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద మంచి విద్యాసంస్థల్లో సీటొచ్చిన పిల్లలకు ఆస్తి తనఖా, ష్యూరిటీ లేకుండా బ్యాంకు లోన్ వస్తుంది. బ్యాంకుకు మీరు కూడా వెళ్లండి. లుంగీ కట్టుకుని ఒక్కడే వెళ్లిన తండ్రికి రేపు రమ్మంటారు. పక్కన మాట్లాడే మనిషి ఉంటే అదే కౌంటర్‌లో ఫారం ఇస్తారు. ఇది రాయడానికి నాకు బాధగా ఉంది, కానీ నా కళ్లతో చూసిందే.

సీటు వచ్చింది, హాస్టల్లో దింపి వచ్చారు. మనలో చాలామంది ఇక్కడ చేతులు దులుపుకుంటారు. నా దృష్టిలో మీ పని అసలు మొదలయ్యేది ఆ రోజు నుంచే. మొదటి సెమిస్టర్‌లో జారిపోయినంత మంది ఇంకెక్కడా జారిపోలేదు.

ఇంటర్‌లో వెయ్యికి 970 తెచ్చుకున్న అబ్బాయి ఒకడు దూరంగా వేరే రాష్ట్రంలో ఒక పెద్ద కాలేజీలో చేరాడు. నేను వారానికోసారి ఫోన్ చేసేవాణ్ని. ఎట్లున్నవ్ బిడ్డా అంటే మంచిగున్న సార్ అనేవాడు. చదువు ఎట్లుంది అంటే నడుస్తుంది సార్ అనేవాడు. ఒక రోజు ఎందుకో, ఇవాళ మెస్‌లో ఏం పెట్టిండ్రు అని అడిగాను. రొట్టె, రాజ్మా సార్ అన్నాడు. ఎవరితో కూర్చుని తిన్నవ్ అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత ఏడుపు వినపడింది. చేరిన దగ్గర్నుంచి రెండు నెలలుగా ఒక్కడే తింటున్నాడు. లెక్చరర్ ఇంగ్లిష్ అర్థం కాదు, డౌట్ అడిగితే నవ్వుతారని భయం, హిందీ రాదు, మొదటి పరీక్షలో ముప్పైకి ఏడు వచ్చాయి. బతుకులో అంత తక్కువ ఎప్పుడూ చూడలేదు. ఇంటికి చెబితే అమ్మ కుమిలిపోతుందని చెప్పలేదు, నాకు చెబితే సార్ పరువు తీసినట్టవుతుందని చెప్పలేదు.

ఆ రాత్రే పాత విద్యార్థులందరికీ ఫోన్లు చేశాను. ఆ కాలేజీలోనే మూడో ఏడు చదువుతున్న వరంగల్ అబ్బాయి ఒకడు దొరికాడు. మర్నాడు పొద్దున టిఫిన్‌కు వాణ్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. అంతే, అక్కడి నుంచి కుదురుకున్నాడు. ఒక సబ్జెక్టు బ్యాక్‌లాగ్ పడింది, తర్వాత రాసుకున్నాడు. ఆ రోజు నుంచి నేను ఎట్లున్నవ్ అని అడగను. ఏం తిన్నవ్, ఎవరితో తిన్నవ్, ఈ వారం ఏ లెక్చరర్‌ను ఏం అడిగినవ్, ఈ మూడే అడుగుతాను. మూడో దానికి రెండు వారాలు వరుసగా ఏం అడగలేదు సార్ అంటే బస్సెక్కి వెళ్తాను.

తెలుగు మీడియంలో ఆలోచించే పిల్లలకు ఇంగ్లిష్ భయం ఒకటి గట్టిగా ఉంటుంది. పదో తరగతి అయిన సెలవుల్లో రోజుకు అరగంట, సైన్స్ పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్‌లో బిగ్గరగా చదివించి, అదే విషయం తెలుగులో తిరిగి చెప్పించండి. స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగుల కంటే ఇదే పనిచేసింది. రెండు నెలలు చేస్తే పాఠం వినడానికి సరిపోతుంది. మాట్లాడటం తర్వాత దానంతట అదే వస్తుంది.

ఫలితాల రోజు ఎక్కడున్నా ఊరికి వెళ్లండి. ఫోన్ సరిపోదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఎంతమంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారో మనందరికీ తెలుసు. ఆ తర్వాత నేను ఒక్క ఏడాది కూడా ఫలితాల రోజు ఇంట్లో కూర్చోలేదు. మార్కులు చూసేటప్పుడు పిల్ల పక్కన మనిషి ఉండాలి. ఫెయిలైతే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ కొన్ని వారాల్లోనే ఉంటుందని, అందులో పాసైతే ఏడాది పోదని అదే గంటలో చెప్పాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబర్ 14416, రాత్రీపగలూ ఉచితంగా మాట్లాడతారు. ఆ నంబర్ పిల్లల ఫైల్ అట్ట మీద ముందే రాయించండి, చావు గురించి మాట్లాడినట్టు కాకుండా మామూలుగా, మిగతా నంబర్ల పక్కనే.

ఉద్యోగం సంగతి నాకంటే మీకే బాగా తెలుసు కాబట్టి తక్కువ చెబుతాను. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కొన్ని ప్రైవేట్ కాలేజీలు చదువయ్యాక సర్టిఫికెట్లు ఆపుతాయి. ఒరిజినల్స్ పట్టి ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది, అయినా అవి చేతికి రాక వచ్చిన ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లున్నారు. అందుకని చివరి ఏడాది జనవరిలోనే కాలేజీ ఆఫీసులో బాకీ ఎంత ఉందో కనుక్కోమనండి. అమీర్‌పేట్‌లో రెండు లక్షలు కడితే బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం అనే మాట ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరి చెవిలో పడుతుంది, తల్లి పుస్తెలు కుదువపెట్టి కట్టినవాళ్లున్నారు. రెండో ఏడాదిలోనే ఈ మోసం గురించి చెప్పి పెట్టండి. ఇక మీరు నేరుగా చేయగలిగింది ఒకటుంది. ఒక రోజు సెలవు పెట్టి ఈ పిల్లల్ని మీ ఆఫీసుకు తీసుకెళ్లండి. క్యాంటీన్‌లో అన్నం పెట్టించండి, మీ టీమ్‌లో ఊరి నుంచి వచ్చినవాళ్లు ఇద్దరుంటే పరిచయం చేయండి. లిఫ్ట్ ఎక్కడం, గేటు దగ్గర కార్డు చూపించడం, రిసెప్షన్‌లో పేరు చెప్పడం చిన్నవే. ఇంటర్వ్యూ రోజు మాత్రం ఆ చిన్న విషయాలకే గొంతు తడారిపోతుంది.

మొదటి జీతం వచ్చాక కూడా ఒక ఏడాది ఫోన్లో ఉండండి. ఇరవై వేల జీతంలో పదిహేను వేలు ఇంటికి పంపి, హాస్టల్ అద్దె కట్టలేక తిండి మానేసే పిల్లలుంటారు. అప్పు తీర్చాలి, అక్క పెళ్లి చేయాలి, నాన్నను గల్ఫ్ నుంచి వెనక్కి పిలవాలి, అన్నీ ఆ ఇరవై రెండేళ్ల భుజాల మీదే. తల్లిదండ్రులతో కూర్చుని, మొదటి ఏడాది ఇంత పంపుతాడు, ఇంత దాచుకుంటాడు అని ఒక లెక్క మీరే కుదర్చండి. పిల్లలు తమంతట తాము ఆ మాట ఇంట్లో ఎత్తలేరు.

ఈ ఆదివారం ఊరికి వెళ్తున్నానని రాశారు. పిల్లల్ని కలిసే ముందు హెడ్మాస్టర్‌ను కలవండి. పదో తరగతి పిల్లల వివరాలు బోర్డుకు ఎప్పుడు పంపుతారో, ఎనిమిదో తరగతిలో ఎంతమందితో ఎన్‌ఎంఎంఎస్ రాయిస్తున్నారో అడగండి. తర్వాత ఆ ముగ్గురి ఇళ్లకు సాయంత్రం పూట వెళ్లండి, అమ్మలు చాటలు పక్కన పెట్టే టైమ్‌లో. ఇచ్చిన చాయ్ తాగండి. ట్రంకుపెట్టెలో ఉన్న కాగితాలన్నీ ఒకసారి బయటికి తీయమనండి. మూడిళ్లలో ఒక ఇంట్లోనైనా పేరు తేడా కచ్చితంగా దొరుకుతుంది, దాన్ని సరిచేయించే పని వచ్చే వారానికి పెట్టుకోండి.